రామమోహన్ నాలుగో బోల్టు

రామమోహన్ ఏ పనీ తన చేత్తో మొదలుపెట్టడు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో ఊళ్లో ఆయన్ని ఎరిగిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కొత్త టూత్‌పేస్టు ట్యూబు నుంచి కొత్త ఇంటి దాకా దేనికైనా సరే, ముందు మరొకరి చెయ్యి పడాలి. ఆ చేతికి మంచి హస్తవాసి ఉండాలి. అది పడేదాకా ఆయన చేతులు కట్టుకుని పక్కన నిలబడతాడు.

ఒక ఏడాది తణుకు నుంచి వచ్చిన ఆవకాయ జాడీ పదకొండు రోజులు మూత తీయకుండా డైనింగ్ టేబుల్ మీద కూర్చుంది. మూత తీయాల్సిన హస్తవాసి గల పెద్దమనిషి ఆస్టిన్‌లో కూతురి దగ్గరికి వెళ్లాడట. ఇంట్లో వాళ్లు పదకొండు రోజులూ పెరుగన్నం ఉత్తదే తిన్నారు. ఎవరూ దొరకనప్పుడు పోస్టు తెచ్చే అమెరికన్ ఉన్నాడు. ఆయన ఇప్పటికి ఆ ఇంట్లో ఒక వాషింగ్ మెషీన్, ఒక ఏసీ, రెండు లాప్‌టాపులు ప్రారంభించాడు. ప్రతిసారీ చేతిలో లడ్డూ పెట్టి పంపుతారు కాబట్టి, ఇప్పుడు వీధి మలుపు తిరగ్గానే ముందు రామమోహన్ గుమ్మం వైపు చూస్తాడు, పెద్ద అట్టపెట్టె ఏదైనా కనిపిస్తుందేమోనని.

"పెళ్లిలో తాళి మాత్రం తన చేత్తోనే కట్టాడు" అంటుంది ఆయన భార్య భావన. "ఆ ఒక్క పనీ సొంతంగా మొదలెట్టాడు. అది ఎలా నడుస్తోందో మీరు చూస్తూనే ఉన్నారుగా."

ఇలాంటి మనిషికి తన పాత మస్టాంగ్ కారులో నైట్రస్ పెట్టించాలన్న కోరిక పుట్టింది. నైట్రస్ అంటే మరేం లేదు, ఇంజన్‌కి అదనపు ఊపిరి. డిక్కీలో ఒక నీలం సిలిండరు ఉంటుంది. అందులోంచి సన్నని గొట్టం ఇంజన్ దాకా వెళ్తుంది. పెడల్ పూర్తిగా తొక్కి స్టీరింగ్ మీద బటన్ నొక్కితే గ్యాసు వెళ్లి ఇంజన్‌లో పడుతుంది, కారు ఒక పది సెకన్లు వయసు మరిచిపోతుంది. రామమోహన్ పగలంతా ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూసుకుంటాడు. వయసు నలభై తొమ్మిది. పిల్లల్ని, కూరగాయల్ని మోసేది మినీవాన్. మస్టాంగ్ మాత్రం ఆయన సొంత సరదా, ఆ సరదాకి భావన గీసిన గీత ఒకటుంది, ఉన్నంతలో చేసుకో అని.

ఉన్నంతలో అంటే నిజంగా ఉన్నంతలోనే. కిట్టు సెకండ్‌హ్యాండ్. డెంటన్‌లో ఎవరో కాలేజీ కుర్రాడు పెళ్లి కుదిరి వదిలించుకున్నది. సిలిండరులో గ్యాసు ఎంతుందో బరువు తూచి తెలుసుకోవాలి కదా, దానికి ఇండియా ప్రయాణాల్లో సూట్‌కేసులు తూచే కొక్కెం వాడతాడు. టెక్సాస్ ఎండకి సిలిండరు వేడెక్కి లోపల ఒత్తిడి పెరగకూడదు, అందుకని జ్వరం వచ్చిన పిల్లకి వేసినట్టు దాని మీద తడి తువ్వాలు వేసి ఉంచుతాడు. తువ్వాలు తీస్తే సిలిండరు నుదుట కుంకుమ బొట్టు ఉంటుంది.

మామూలు మనిషి రెండు శనివారాల్లో ముగించే పని రామమోహన్ గ్యారేజీలో నాలుగేళ్లుగా సాగుతోంది. ప్రతి నట్టుకీ ఒక హస్తవాసి వెతకాలాయె. ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఇంజన్ స్టార్ట్ చేసి ఆపేయడం తప్ప కారు గడప దాటలేదు. ఎప్పుడడిగినా తొంభై అయిదు శాతం అయిపోయిందనే అంటాడు. విన్నవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఒకరిద్దరు ఇంకొంచెం దూరం కూడా ఆలోచించారు.

"హస్తవాసీ లేదు, ఏమీ లేదు" అని పుట్టినరోజు పార్టీల్లో రామమోహన్ స్నేహితుడు నీరజ్ చెబుతుండేవాడు. "మెకానిక్‌కి ఇవ్వకుండా మన చేత ఫ్రీగా చేయించుకుంటున్నాడు. నాలుగు ముక్కలు పొగిడితే మనం వెళ్లి బోల్టులు బిగిస్తాం. నేనూ బిగించాను. ఏం చేస్తాం, భావన పెసరట్లు వేస్తుంది."

ఈ మాట విని నవ్విన వాళ్లలో శశికాంత్ కూడా ఉన్నాడు. శశికాంత్‌ది వరంగల్. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. అంటే వేరే వాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన వృత్తి. భార్య శ్రీవిద్య, నాలుగేళ్ల కూతురు కృతి. తెలుగువాళ్లతో కిటకిటలాడే అపార్ట్‌మెంట్లలో ఉంటారు. సెప్టెంబరులో ఒక మంగళవారం ఉదయం పదకొండు నిమిషాల వీడియో కాల్‌లో ఆయన ఉద్యోగం పోయింది. H-1B వీసా కాబట్టి ఆ రోజు నుంచి అరవై రోజులు గడువు. ఈలోపు ఇంకో కంపెనీ తీసుకుని పేపర్లు వేయాలి, లేదంటే పెట్టేబేడా సర్దుకోవాలి.

శశికాంత్ ఈ సంగతి శ్రీవిద్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే పార్కింగ్‌లో, లిఫ్టులో, పోస్టుబాక్సు దగ్గర ప్రతివాడూ ఏమైనా అప్‌డేట్ ఉందా అని అడుగుతాడు. అందుకని రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ బాక్సు పట్టుకుని, ఎనిమిదిన్నరకి ఆఫీసుకి వెళ్లినట్టే బయల్దేరి లైబ్రరీకి వెళ్లేవాడు. తెలిసినవాళ్లు రారని పిల్లల పుస్తకాల వైపు ఒక మూల టేబుల్ ఎంచుకున్నాడు. అక్కడ కుర్చీలు మోకాళ్ల ఎత్తే ఉంటాయి. బొమ్మ డైనోసార్ పక్కన ముడుచుకుని కూర్చుని రోజుకి పదేసి అప్లికేషన్లు పంపేవాడు.

రెండు వారాలకి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. కాలేజీ పిల్లలు చెప్పగలిగే ప్రశ్నకి నోరు పెగల్లేదు. అది పోయాక ఏది ముట్టుకున్నా పాడవుతుందన్న భయం పట్టుకుంది. మర్నాడు పాల క్యాను చేతిలోంచి జారి వంటిల్లంతా పాలు. తప్పులు పట్టే మనిషికి ఇప్పుడు కనిపించే తప్పల్లా తనే. సరిగ్గా పదహారో రోజు సాయంత్రం రామమోహన్ ఫోన్ చేశాడు.

"శశీ, శనివారం ఖాళీయేనా?"

"ఖాళీయే అన్నా." శశికాంత్‌కి శనివారానికీ మంగళవారానికీ తేడా పోయి చాలా రోజులైంది.

"సిలిండరు పట్టుకునే బ్రాకెట్ ఉందిగా, దానికి నాలుగో బోల్టు మిగిలిపోయిందండి. అది నీ చేత్తోనే పడాలి. వారం నుంచి ఆలోచిస్తున్నాను, నీ అంత హస్తవాసి మన వాళ్లలో ఎవరికీ లేదు."

"నాకు హస్తవాసి ఏందన్నా. మొన్ననే గ్యాలన్ పాలు కింద పడేసిన."

"పాలు పొంగినా మంచిదే, ఒలికినా మంచిదే. పదింటికి వచ్చెయ్. చేతులు కడుక్కుని రా."

వద్దనడానికి శశికాంత్‌కి సాకు దొరకలేదు. ఫ్రీ లేబర్ అని నీరజ్ అన్నది గుర్తొచ్చింది. పోనీలే, ఎవరికో ఒకరికి నా లేబర్ పనికొస్తోంది అనుకుని వెళ్లాడు.

గ్యారేజీలో మస్టాంగ్ డిక్కీ తెరిచి ఉంది. బ్రాకెట్‌కి మూడు బోల్టులు బిగించి ఉన్నాయి, వాటి నెత్తిన తలా ఒక కుంకుమ చుక్క. నాలుగోది, కుడివైపు ముందుది, వదులుగా వేలాడుతోంది. దాని మీద కుంకుమ కాస్త ఎక్కువే అంటినట్టు ఉంది గానీ శశికాంత్ పట్టించుకోలేదు. రామమోహన్ ఆయన్ని సింకు దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చేతులు కడిగించాడు. పని అయ్యాక కడుక్కోమనే మెకానిక్కుల్ని చూశాడు గానీ, పనికి ముందు కడిగించే మెకానిక్‌ని శశికాంత్ చూడలేదు.

"కుడి చేత్తో పట్టుకో. ఈ పానా ఎంత బిగించాలో అంత బిగియగానే టక్కుమంటుంది. అప్పుడు ఆపెయ్. కంగారేం లేదండి, నాలుగేళ్లు ఆగాను, ఇంకో నాలుగు నిమిషాలు ఆగలేనా?"

శశికాంత్ తిప్పాడు. మూడు తిప్పులు, నాలుగు తిప్పులు, పానా టక్కుమంది. రామమోహన్ కళ్లు మూసుకుని, సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడిలా తల ఊపాడు.

"విన్నావా? ఇంత శుభ్రమైన టక్కు ఈ గ్యారేజీలో నేను వినలేదండి. భావనా, విన్నావా?"

పెసరట్ల ప్లేటుతో గుమ్మంలో నిలబడ్డ భావన బోల్టు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. "నాలుగో బోల్టేనా?" అంది. "బాగా బిగించావు శశీ. చల్లారకముందు తిను."

ఉద్యోగం ఎలా ఉందని రామమోహన్ అడగలేదు. ఇంట్లో అందరూ బాగున్నారా అని కూడా, వెతికి చూసే గొంతుతో అడగలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "వచ్చే శనివారం వైరింగ్ చూడాలి, నువ్వు లేకుండా నేను ముట్టుకోను" అన్నాడు. ఆ రాత్రి పద్దెనిమిది రోజుల తర్వాత మొదటిసారి శశికాంత్ అలారం మోగేదాకా నిద్రపోయాడు. ఒక బోల్టు బిగించినంత మాత్రాన నిద్ర పట్టడమేమిటని శ్రీవిద్య ఆశ్చర్యపోతూ దుప్పటి సరిచేసింది.

తరవాతి శనివారం వైరింగ్ చూశాడు. టెస్టర్ కదా, ఊరికే చూడ్డం చేతకాదు. కాగితం తీసుకుని వరసగా రాసుకున్నాడు. బటన్ నొక్కి ఉండగా కాలు పెడల్ మీంచి తీస్తే ఏమవుతుంది, ఇంజన్ మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది, ఇలా నలభై ఒక్క ప్రశ్నలు. సిలిండరు వాల్వు గట్టిగా మూసేసి ఒక్కొక్కటే పరీక్షించసాగారు. నలభయ్యో ప్రశ్న దగ్గర శశికాంత్ కారు తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. పెడల్ పూర్తిగా తొక్కి బటన్ నొక్కాడు. ఇంజన్ దగ్గర్నుంచి టక్కుమని వినిపించింది.

"అన్నా, ఆ టక్కు రాకూడదు."

"ఎందుకు రాకూడదు? బాగానే ఉందిగా టక్కు."

"తాళం చెవి నా జేబుల ఉంది. కారు ఆఫ్‌ల ఉంది. అయినా ఇంజన్ కాడ గ్యాసు వదిలే వాల్వు తెరుచుకుంటోంది. ఇప్పుడు సిలిండరు ఓపెన్ ఉందనుకో, గ్యాసు, పెట్రోలు రెండూ పోయి ఇంజన్ల కూర్చుంటయి. నువ్వు వచ్చి తాళం తిప్పినవంటే బానెట్ లేచి పక్కింటోళ్ల పెరట్ల పడుతది."

రామమోహన్ మొహంలో రంగు పోయింది, తర్వాత మెల్లగా వచ్చింది. వైరు తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంది. రెండేళ్ల కిందట ఆ వైరింగ్ చేసింది అవినాష్, వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాడు. అప్పటికప్పుడు స్పీకర్‌లో ఫోన్ చేశారు. "నేను చెక్ చేసినప్పుడు పనిచేసిందే" అన్నాడు అవినాష్. పన్నెండేళ్లుగా ఆఫీసులో రోజూ వింటున్న ఆ మాట గ్యారేజీలో వినేసరికి శశికాంత్‌కి నవ్వాగలేదు. కడుపు పట్టుకుని నవ్వాడు. రామమోహన్ కూడా నవ్వుతూ, మధ్యలో ఒకసారి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే వైరు తాళానికి కలిపారు.

ముప్పై అయిదో రోజు ఒక కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలో, ఈ మధ్య నువ్వు పట్టుకున్న ముఖ్యమైన తప్పు ఏదైనా చెప్పమన్నారు. పాత ఆఫీసు సంగతులు చెబుదామనుకున్న శశికాంత్ నోట్లోంచి మస్టాంగ్ వచ్చేసింది. తాళం చెవి జేబులో ఉండగా వచ్చిన టక్కు గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. వాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఒకాయన కారు ఏ సంవత్సరానిది అని కూడా అడిగాడు. త్వరలో తెలియజేస్తాం అన్నారు. ఆ మాట అందరూ అనేదే కాబట్టి శశికాంత్ దాని మీద ఆశ పెట్టుకోలేదు.

నలభై ఆరో రోజు శనివారం, నాలుగేళ్ల నిరీక్షణ తర్వాత మస్టాంగ్ గడప దాటింది. గంట దూరంలో ఉన్న రేస్ ట్రాక్‌లో పగటిపూట ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని పావు మైలు తోలుకోవచ్చు. రామమోహన్ తన కారుకి చెయ్యి వేసిన వాళ్లందర్నీ పిలిచాడు. అవినాష్ వచ్చాడు. నీరజ్ మడత కుర్చీలు, పులిహోర తెచ్చాడు. ఈ ఏడు మళ్లీ ఇండియా నుంచి కూతురు అంకిత దగ్గరికి వచ్చిన గౌరి గారు, పట్టుచీర మీద తెల్ల బూట్లు వేసుకుని వచ్చారు. శశికాంత్ ఒక్కడే వచ్చాడు. శ్రీవిద్య ఇంట్లో ఏ సామాను ఎవరికి ఇచ్చెయ్యాలో జాబితా మొదలుపెట్టింది, ఇంక పద్నాలుగు రోజులే ఉన్నాయి.

ట్రాక్‌లోకి వదిలే ముందు ప్రతి కారుకీ తనిఖీ ఉంటుంది. తనిఖీ చేసే అమెరికన్ గడ్డం పొట్ట దాకా ఉంది. ముందు టైర్ల కింద నిమ్మకాయలు చూసి ఆగాడు. వాటి మీంచి కారు వెళ్తే చాలని అవినాష్ చెప్పాడు. ఆయన అభ్యంతరం లేదన్నాడు. డిక్కీ తెరిచి బ్రాకెట్ చూశాడు, వంగి ఇంకా దగ్గరగా చూశాడు. బిగించిన ప్రతి బోల్టుకీ రంగు చుక్క పెట్టుకోవడం చాలా మంచి అలవాటని, ఈ రోజుల్లో ఎవరూ అంత శ్రద్ధగా చెయ్యడం లేదని రామమోహన్‌ని మెచ్చుకున్నాడు. అది కుంకుమ అని ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆయన వేలు నాలుగో బోల్టు దగ్గర ఆగింది. మిగతా వాటికి ఒక్కో చుక్కే ఉంది, దీని మీద మాత్రం పొరలు పొరలుగా ఇంత మందాన రంగేమిటి, దీన్ని ఎన్నిసార్లు విప్పి బిగించారు అని అడిగాడు.

"ఒక్కసారే" అన్నాడు శశికాంత్. "ఆ బోల్టు నేనే బిగించిన."

"అది కాదు శశీ, నీది వేరే అయ్యుంటుంది" అన్నాడు అవినాష్. "కుడివైపు ముందుది నాది. వైరింగ్ కన్నా ముందు అన్న నాతో బిగించిందే అది."

"ఆగండి ఆగండి" అని నీరజ్ పులిహోర గిన్నె కింద పెట్టాడు. "నాలుగో బోల్టు నాది. ఇంత శుభ్రమైన టక్కు ఈ గ్యారేజీలో వినలేదని అన్నాడు కూడా."

గౌరి గారు కళ్లజోడు పెట్టుకుని డిక్కీలోకి తొంగిచూశారు. "మీరంతా ఏం మాట్లాడుతున్నారు నాయనా? ఆ బోల్టు నాది. అందరికన్నా ముందు బిగించింది నేను. మా అంకితనడగండి, ఫొటో కూడా ఉంది."

తనిఖీ ఆయన ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, బోల్టు గట్టిగానే ఉందని కాగితం మీద టిక్కు పెట్టి, తర్వాతి కారు దగ్గరికి వెళ్లిపోయాడు. రామమోహన్ హెల్మెట్ పెట్టుకుని, అద్దం కిందికి లాక్కుని, ఎటో చూస్తున్నాడు.

తప్పులు పట్టేవాడు శశికాంతే కాబట్టి, అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగాడు. "మీరు అది ఎప్పుడు బిగించిన్రు?"

అవినాష్ కాస్త ఆలోచించాడు. వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లి అయిదు నెలలు ఇరుక్కుపోయి తిరిగొచ్చేసరికి, తన ప్రాజెక్టు, తన కుర్చీ వేరే వాళ్లకి ఇచ్చేసిన వారమది. నీరజ్ అంతకుముందు టిఫిన్ సెంటరు పెట్టి అయిదో నెలలో మూసేశాడు, బోర్డు దింపిన మర్నాడే ఫోన్ వచ్చింది. గౌరి గారు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు గిన్నెలు తోమే సబ్బు నీళ్లు డిష్‌వాషర్‌లో నిండుగా పోసేశారు. నురగ వంటిల్లు దాటి హాల్లోకి వచ్చి, కొత్త చెక్కనేలంతా ఉబ్బిపోయింది. కూతురు ఒక్క మాట అనలేదు, అల్లుడూ అనలేదు. అనకపోవడమే ఆవిడకి ఎక్కువైంది. నెలన్నర పాటు ఆ ఇంట్లో గ్లాసు కూడా ముట్టుకోకుండా సోఫా అంచున కూర్చున్నారు. "అప్పుడొచ్చాడు నాయనా ఈయన. పిన్నిగారూ, మీ చేతికి మంచి హస్తవాసి ఉందని విన్నాను, మా కారుకి ఒక బోల్టు బిగించి పెట్టాలి అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చారు పెట్టాను."

నలుగురూ రామమోహన్ వైపు తిరిగారు.

"ఏం లేదండి" అంది హెల్మెట్. "ఆ బోల్టు ఒక్కటీ వదులైపోతుంటుంది. వైబ్రేషన్."

"నాలుగేళ్ల నుంచి గ్యారేజీ దాటని కారుకి వైబ్రేషన్ ఏందన్నా?"

"ఫ్రిస్కోలో అంతా బంకమన్ను నేలండి. ఇళ్లే కదులుతాయి."

భావన మడత కుర్చీలో కూర్చుని పులిహోర తింటోంది. "శుక్రవారం సాయంత్రం కదులుతుంది నేల" అంది. "పానా పట్టుకుని ఒక్కడే గ్యారేజీలోకి వెళ్తాడు. రెండు నిమిషాల్లో వదులు చేసి వస్తాడు. లైబ్రరీలో నిన్ను చూసింది నేనే శశీ. పిల్లల పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్తే, ఇస్త్రీ చొక్కాతో ఆ బుల్లి కుర్చీలో కూర్చునున్నావు. పలకరిస్తే నొచ్చుకుంటావని వచ్చేసి ఈయనకి చెప్పాను."

శశికాంత్‌కి ముందు కొంచెం చురుక్కుమంది. అయితే తన చేతిలో ఏమీ లేదన్నమాట, ఇదంతా జాలి అన్నమాట. ఆయన మొహం చూసి గౌరి గారు చెయ్యి పట్టుకున్నారు. "అదేం కాదు బాబూ. వదులైన బోల్టు నిజంగానే బిగించావు కదా. ఆ వైరు తప్పు నువ్వే పట్టావటగా. అవినాష్ బాబు చేతి పని అది, ఈయన దాంతో బండి నడిపి ఉంటే ఏమయ్యేదో." అవినాష్ తల గోక్కున్నాడు. ఆ మాటతో శశికాంత్ గుండెలో ముడి ఏదో వదిలింది. నలభై ఆరు రోజుల్లో తనని ఏమీ అడగకుండా, తన చేతికి పని ఇచ్చిన మనిషి ఆయనొక్కడే. శశికాంత్ హెల్మెట్ మీద మెల్లగా తట్టాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ట్రాక్ నియమం ప్రకారం కారులో డ్రైవరు ఒక్కడే ఉండాలి. అంటే బటన్ రామమోహనే నొక్కాలి. మొట్టమొదటిసారి, తన చేత్తో. ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"నా వల్ల కాదండి. ఎవరైనా ముందు నొక్కాలి."

"సిలిండరు వాల్వు మూసే ఉందిగదా" అన్నాడు శశికాంత్. "ఇప్పుడు నొక్కితే గ్యాసు పోదు, టక్కు మాత్రం వస్తది. అది టెస్టు కింద లెక్క. మేం మొదలుపెట్టేస్తం, నువ్వు కొనసాగించు."

కారు లైన్లోంచి పక్కకి తీసి, ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచారు. గౌరి గారు పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని ముందు కూర్చుని పెడల్ తొక్కి నొక్కారు, టక్. అవినాష్ నొక్కాడు, టక్. నీరజ్ చేతులకి పులిహోర ఉందని రామమోహన్ వెళ్లి కడిగించి తెచ్చాడు, టక్. శశికాంత్ ముందు నొక్కి, అలవాటు చొప్పున తాళం చెవి తీసి ఇంకోసారి నొక్కి, ఈసారి టక్కు రాలేదని నిర్ధారించుకుని దిగి, డిక్కీలో సిలిండరు వాల్వు తెరిచాడు.

రామమోహన్ టైర్ల కింద కొత్త నిమ్మకాయలు పెట్టించి, వాటిని తొక్కుకుంటూ వెళ్లి, పచ్చలైటు పడ్డాక ఒక సెకను ఆలోచించుకుని బయల్దేరాడు. సగం దారిలో కారు గొంతు మారింది, వెనక నుంచి ఎవరో తన్నినట్టు ముందుకి దూకింది. పావు మైలుకి పదమూడు పాయింట్ తొమ్మిది సెకన్లు. నాలుగేళ్ల కిందట, నైట్రస్ పెట్టకముందు ఇక్కడే తోలినప్పుడు పద్నాలుగు పాయింట్ ఎనిమిది. పక్క లైన్లో ఒక ముసలావిడ, వెనక సీట్లో కుక్కని కూర్చోబెట్టుకుని, చప్పుడు లేని ఎలక్ట్రిక్ కారులో ఆయనకన్నా చాలా ముందు వెళ్లిపోయింది. రామమోహన్ తిరిగొచ్చి, హెల్మెట్ తీసి, "గెలుపుదేముందండి, టక్కు చూశారా ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు.

యాభై రెండో రోజు శుక్రవారం మధ్యాహ్నం, మస్టాంగ్ ఏ సంవత్సరానిదని అడిగిన కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. అరవై రోజుల్లోపే పేపర్లు పడ్డాయి. శ్రీవిద్య సామాను జాబితా నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. శశికాంత్ ఆ తర్వాత రామమోహన్‌కి ఫోన్ చేసి, "అన్నా, థాంక్స్" అన్నాడు. "మంచిదండి, మంచిది" అన్నాడు రామమోహన్. "కొత్త ఆఫీసులో మొదటి రోజు లాప్‌టాప్ ఎవరితోనన్నా ఆన్ చేయించు."

డిసెంబరులో ఒక గురువారం శశికాంత్ కృతి పుస్తకాలు ఇచ్చెయ్యడానికి లైబ్రరీకి వెళ్లాడు. పిల్లల పుస్తకాల వైపు, బొమ్మ డైనోసార్ పక్కన, మోకాళ్ల ఎత్తు కుర్చీలో, ఆఫీసు బ్యాడ్జి మెడలో వేసుకుని ఒకమ్మాయి కూర్చుని లాప్‌టాప్ చూస్తోంది. తమ అపార్ట్‌మెంట్లలోనే ఉండే నిధి. లంచ్ బాక్సు మూత తీయకుండా పక్కన పెట్టుకుని ఉంది. శశికాంత్ పలకరించలేదు. పుస్తకాలు పెట్టేసి మెల్లగా బయటికి వచ్చాడు.

మర్నాడు సాయంత్రం రామమోహన్ ఇంటికి వెళ్లాడు. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది, మనిషి లోపల ఎక్కడో ఉన్నాడు. శశికాంత్ ముందు సింకు దగ్గర చేతులు కడుక్కున్నాడు. పానా తీసుకుని, డిక్కీ తెరిచి, కుడివైపు ముందు బోల్టుని ఎడమకి నాలుగు తిప్పులు తిప్పాడు. అది వదులై వేలాడింది. పానా ఉన్నచోట పెట్టి వెనక్కి తిరిగేసరికి, రెండు కాఫీ గ్లాసులతో రామమోహన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏవైందండి దానికి?"

"వైబ్రేషన్ అన్నా" అన్నాడు శశికాంత్.

రామమోహన్ బోల్టు వైపు చూశాడు, శశికాంత్ వైపు చూశాడు. ఒక గ్లాసు ఆయన చేతిలో పెట్టి, రెండోది కారు మీద పెట్టి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"నంబరు చెప్పు" అన్నాడు.